మెడ మీద అప్పన్న నామం

సన్యాసిరాజు మెడ వెనక మూడు ఎర్రగీతలు లేచిన రోజున వాళ్ళమ్మ కాశమ్మ గాజువాకలో తమ వరస ఇళ్ళన్నింటికీ కొబ్బరిముక్కలు పంచింది. సింహాద్రి అప్పన్న తన కొడుకు మెడ మీద స్వయంగా నామం పెట్టాడని ఆవిడ నమ్మకం. గీతలు నిలువుగా, పక్కపక్కన, అచ్చం నామంలాగే ఉన్నాయి మరి. కొండెక్కి కూర్చున్న దేవుడికి గాజువాకలో ఒకడి మెడ వెతుక్కునేంత తీరిక ఎక్కడిదని ఎవరూ అడగలేదు. కొబ్బరిముక్క నోట్లో ఉన్నప్పుడు అలాంటివి అడగరు.

"ఉజ్జోగం వొచ్చీసినట్టేరా! దేవుడు ముద్దరేసీసినాడు" అంది కాశమ్మ.

ఉద్యోగం మాట నిజమే. వాళ్ళ జీడితోటా, రెండెకరాల మెట్టా స్టీలు ప్లాంటు కిందికి పోయి మూడేళ్ళయింది. ఊరు వదిలి గాజువాకలో అద్దెకు దిగి, భూమి పోయినవాళ్ళకిచ్చిన కాగితం పట్టుకుని సన్యాసిరాజు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆఫీసుకు వెళ్ళేవాడు ఆఫీసువాడిలా ఉండాలని ఒక తెల్ల టెరిలిన్ చొక్కా కుట్టించుకున్నాడు. దాన్ని ఇంట్లో ఉతకనివ్వకుండా ఖాదర్ లాండ్రీలో వేయించి, ఇస్త్రీ మడత నలగకుండా తొడుక్కునేవాడు. చివరికి ఎనభై నాలుగు వేసవిలో పిలుపొచ్చింది. ఇక మిగిలింది డాక్టరు పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్ష రాకముందే నామం చెడిపోయింది. మూడు గీతలూ కలిసిపోయి, చెమ్మ కారి, ఎండి, అరచేతిలో సగం వెడల్పున నల్లటి మచ్చ తేలింది. దేవుడు దిగిపోయాడు గనక వీధిలో వైద్యులు లేచారు. ఒకావిడ తామర అని గంధకం పూయించింది. ఇంకొకావిడ నిద్రలో సాలీడు పాకిందని పసుపు పట్టించింది. ఎదురింటాయన శోభి అన్నాడు. మంగు అని కూడా ఒకరన్నారు. మంగు మొహానికి వస్తుంది గానీ మెడకెందుకు వస్తుందని అడిగితే, మొహం ఖాళీ లేక అటు వెళ్ళిందన్నారు. పూసిన ప్రతిదానికీ మచ్చ ఇంకాస్త మండింది.

ఆటోనగర్‌లో వెల్డింగు షెడ్డు నడిపే జగ్గారావు మాత్రం ఏమీ పూయలేదు. అతను సన్యాసిరాజు అక్క మొగుడు. మెడను రెండు నిమిషాలు చూసి, గొంతు తగ్గించి, "పెద్దరోగం బావా" అన్నాడు. "ఎవుళికీ సెప్పకు. డాక్టరు ఏటడిగినా నేదను. దురదుందా అంటే నేదు, మంటుందా అంటే నేదు. అన్నిటికీ నేదంటే ఆళ్ళేటి రాత్తారు?"

సన్యాసిరాజు ఆ మాటను నమ్మాడు. ఆ రోజు నుంచి తన కంచం తనే కడుక్కున్నాడు. చాప గుమ్మం బయట వేసుకున్నాడు. రెండేళ్ళ కూతురు చేతులు చాచి వస్తే లేచి వీధిలోకి పోయేవాడు. అతనికి ఏడుపొచ్చేది ఒక్క అక్కడే.

"ఏటయినాది నీకు? పిల్లనెత్తుకోవు, నన్ను సూడవు. ఉజ్జోగం రాకముందే ఆఫీసరైపోనావేటి?" అని పెళ్ళాం తాయారు గిన్నెలు విసిరింది.

పరీక్షకి తెల్ల చొక్కా తొడుక్కునే వెళ్ళాడు. ఎత్తూ బరువూ కళ్ళూ చెవులూ అన్నీ బాగున్నాయి. మెడ దగ్గరకొచ్చేసరికి అక్కడి డాక్టరు కలం ఆపాడు. శనివారంలోగా చర్మం డాక్టరు దగ్గర్నుంచి కాగితం తెస్తే సరే, లేకపోతే లేదన్నాడు. మూడేళ్ళు తిరిగిన తిరుగుడంతా ఒక మచ్చ దగ్గర ఆగింది.

మర్నాడు పెద్దాసుపత్రిలో మూడు గంటలు వరసలో నిలబడితే డాక్టర్ కనకరత్నం దర్శనమైంది. యాభై ఏళ్ళావిడ, కళ్ళజోడు ముక్కు చివర ఉంది.

"దురదుందా?"

"నేదండి" అన్నాడు సన్యాసిరాజు. గోక్కోవడానికి లేచిన చేత్తో చొక్కా గుండీ సవరించుకున్నాడు.

"మంట?"

"నేదండి."

ఆవిడ దూదిని పోగులా చేసి మచ్చ మీద ఆనించింది. "తెలుస్తోందా?"

"ఏటీ తెలీదండి!"

బావ చెప్పిన జవాబులన్నీ పొల్లుపోకుండా చెప్పినందుకు అతనికి ధైర్యం కూడా వచ్చింది. డాక్టరమ్మకి మాత్రం మొహం మారింది. అతని మోచేతులు తడిమింది, వేళ్ళు చాపించింది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి మచ్చలున్నాయా అని అడిగింది.

"చూడు నాయనా. తామరైతే అంచు లేచి మధ్యలో తేటగా ఉంటుంది. శోభి అయితే గోకితే సన్నగా పొట్టు రాలుతుంది. నీది ఆ రెండూ కాదు. దురద లేకుండా, ముట్టుకుంటే తెలియకుండా మచ్చ ఉందంటే అది కుష్టేమో అని చూడాలి."

ఏ మాట తప్పించుకోవడానికి సన్యాసిరాజు ఇన్ని అబద్ధాలాడాడో ఆ అబద్ధాలే ఆ మాటను పిలుచుకొచ్చాయి.

"గోడకేసి తిరుగు" అంది డాక్టరమ్మ. తిరిగాడు. ఆవిడ గుండుసూది మొనతో మచ్చ మీద తాకించింది.

"ఓలమ్మో! సచ్చిపోనాను!"

వరసలో ఉన్నవాళ్ళంతా తలుపులోంచి తొంగిచూశారు. "తెలీదన్నావు కదయ్యా!" అంది డాక్టరమ్మ.

"దురదున్నాదండి, మంటున్నాదండి, అన్నీ ఉన్నాయండి! మా బావ నేదని సెప్పమన్నాడండి!"

"మీ బావ ఎక్కడ చదివాడు?"

"సదువు నేదండి. వెల్డింగు."

ఆవిడ నవ్వాపుకుని అతని కాలరు తిరగేసింది. లోపల, సరిగ్గా మచ్చకు ఆనే చోట, నల్లగా మూడు నిలువు గీతలున్నాయి. ఇవేమిటని అడిగింది. లాండ్రీ గుర్తని, వరసలో తమది మూడో ఇల్లు గనక మూడు గీతలని చెప్పాడు.

"నల్లజీడి రసంతో పెడతారిది. ఎన్నిసార్లు ఉతికినా పోదు. కొందరి ఒంటికి పడదు. ముందు ఎర్రబడి దురదెడుతుంది, నీరు కారుతుంది, తర్వాత నల్లబడుతుంది. చెమట పట్టిన మెడ మీద ఆ చొక్కా వేసిన ప్రతిసారీ మళ్ళీ మొదలు. ఆ ముక్క కత్తిరించి పారెయ్యి, పూతమందు రాసుకో. నలుపు పోవడానికి కొన్ని నెలలు పడుతుంది, కంగారుపడకు." అంటువ్యాధి కాదని కాగితం రాసిచ్చింది.

కాగితం చేతికొచ్చాక గానీ అతను అడగలేకపోయాడు. "అదే అయ్యుంటేనండి?"

"అయినా మందులున్నాయి, మింగితే నయమవుతుంది. దాచుకుంటేనే కాళ్ళూ చేతులూ పాడవుతాయి."

గాజువాకలో బస్సు దిగి ముందు లాండ్రీకి వెళ్ళాడు. ఖాదర్ సంగతంతా విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. "యా అల్లా! నాను పెట్టిన గుర్తుకా మీ యమ్మ కొబ్బరికాయ కొట్టినాది? నాకూ ఓ ముక్క పంపితే కళ్ళకద్దుకుని తిన్నాను కదా!" ఇక నీ బట్టలకి దారప్పోగే కడతానని ఒట్టేశాడు. కాశమ్మ ఒక్క క్షణమైనా తగ్గలేదు. అప్పన్న ఆ నామం ఖాదర్ చేత పెట్టించాడంది.

సన్యాసిరాజు కూతుర్ని ఎత్తుకుని, ఊపిరాడనివ్వకుండా హత్తుకుని ఏడిపించి, తాయారుకి అంతా చెప్పేశాడు. "ఎర్రిమొగుడా" అని ఆవిడ కూడా ఏడ్చింది.

ఆ తర్వాత కాగితం జేబులో పెట్టుకుని బావని దులిపేద్దామని ఆటోనగర్ బయల్దేరాడు. తిట్లన్నీ దారిలోనే కూర్చుకున్నాడు. షెడ్డులో జగ్గారావు ఒక్కడే ఉన్నాడు. తిట్టినంతసేపూ వింటూ ఉండి, "దురదుంటే అది కాదన్నమాట" అన్నాడు.

"కాదు!"

"మరి దురద నేకపోతే?"

జగ్గారావు పొడుగుచేతుల చొక్కా గుండీ విప్పి పైకి మడిచాడు. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. పాలిపోయి, అంచున కొంచెం ఎర్రగా, చూడబోతే ఏ ఇబ్బందీ లేని మచ్చ.

"రెండేళ్ళయినాది. రవ్వలు పడినా తెలీదు. జగ్గారావు మొండోడని షెడ్డంతా సెప్పుకుంటారు. మీ అక్కకి తెలీదు. ఓపాలి గిల్లి సూడు బావా." మొహం అటు తిప్పుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సన్యాసిరాజు గిల్లాడు. తర్వాత రెండు గోళ్ళూ కలిపి, తోలు తెల్లబడేదాకా నొక్కాడు.

"గిల్లవేటి?" అన్నాడు జగ్గారావు, కళ్ళు మూసుకునే.

దారిలో కూర్చుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. బావ ఈ భయాన్ని రెండేళ్ళు ఒంటరిగా మోశాడు. సన్యాసిరాజు పట్టుమని నెల రోజులు మోయలేకపోయాడు.

"మందున్నాదంట బావా" అన్నాడు ఆ చెయ్యి వదలకుండా. "రేపు పొద్దున బేగి లెగు. ఇద్దరం ఎల్దాం."