ఇద్దరికి సరిపడా

నలభై మూడేళ్లు వచ్చేదాకా ఆర్విద్‌కి ఉల్లిపాయ తరగాల్సిన అవసరం పడలేదు. స్వీడన్‌లోని సుండ్స్‌వాల్‌లో అతను పనిచేసే కలప మిల్లు మూతపడటం, మలీన్‌తో కాపురం తెగిపోవడం ఒకే చలికాలంలో జరిగాయి. పన్నెండేళ్ల కూతురు తూవా ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం అతని దగ్గర. తన వారంలో అతను పిల్లకి పెట్టగలిగింది ఉడికించిన మాకరోనీ, దాని మీద టమాటా సాస్. విసుగొస్తే బయటినుంచి పిజ్జా. అందువల్ల నెల సగానికే చేతిలో డబ్బు అయిపోయేది, పిల్ల కడుపు మాత్రం నిండేది కాదు.

అక్టోబరులో మలీన్ ఫోన్ చేసింది.

"తూవా నీ దగ్గర్నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా ఫ్రిజ్ ముందు నిలబడి తింటోంది. అసలేం పెడుతున్నావ్ దానికి? ఇలాగే ఉంటే క్రిస్మస్ తర్వాత పూర్తిగా నా దగ్గరే ఉంచుకుంటా. దెప్పడం కాదు ఆర్విద్, ఉన్నమాట చెప్తున్నా."

కోపం తెచ్చుకుందామంటే ఆమె మాటలో అబద్ధం లేదు. ఆ సాయంత్రమే అతను పై అంతస్తులో ఉండే గున్వోర్ తలుపు తట్టాడు. గున్వోర్ ఒకప్పుడు బడిపిల్లలకి వండిన మనిషి. చేతి వంట ఎంత మంచిదో నోరు అంత దురుసు.

"కత్తి పట్టుకోవడం కూడా రాదూ? ఇన్నాళ్లూ గాలి భోంచేసి బతికావా?" అంటూనే దిగి వచ్చింది.

క్యాబేజీ పై రేకులు సూప్‌కి, లోపలివి వేపుడికి, మధ్య కాడని తురుముకుని పచ్చిగా తినడానికి అని ఆవిడే నేర్పింది. మాంసం కొట్టులో ముక్క కొనకుండా ఎముక అడగమంది. బుధవారం సాయంత్రం ఎండు బఠానీలు నానబోయించింది. "ఉప్పు చివర్న వెయ్యి. ముందే వేశావంటే మొండికేసి కూర్చుంటాయి, నీలాగే," అంది.

ఆవిడ నేర్పని పని ఒకటి అతను సొంతంగా పట్టాడు. చిన్న తూకం యంత్రం తెచ్చి ప్రతిదీ తూచి వండేవాడు. ఇద్దరికి ఎంతో అంతే, ఒక్క గింజ ఎక్కువ కాదు.

"ఇదేమన్నా బంగారం కొట్టా? ఇంకో గుప్పెడు పొయ్యి," అంది గున్వోర్.

"మిగిలితే?"

"సూప్ మిగలడమేంటయ్యా, పిచ్చోడా!"

ఆర్విద్ వినలేదు. వృథా లేని వంట అతనికి గర్వంగా ఉండేది. బల్ల దగ్గర తూవాకీ అదే పాఠం. ఈ క్యాబేజీ ఆదివారం దాకా రావాలి, ఈ గిన్నె మనిద్దరికీ సరిగ్గా సరి.

నవంబరుకి వంట నిజంగానే కుదిరింది. తను వండింది తనే లొట్టలేసుకుంటూ తినేవాడు. తూవా మాత్రం నాలుగు చెంచాలు తిని, "మిగతాది గదిలో తింటా, హోంవర్కుంది," అని గిన్నె పట్టుకుపోయేది. గదిలో లిన్నెయా ఉండేది. అదే భవనంలో పక్క మెట్ల వైపు ఇంటి పిల్ల, రోజూ బడి కాగానే తూవాతో వచ్చేసేది. ఇంట్లోవాళ్లు భోంచేస్తున్నంతసేపూ ఫోన్ చూసుకుంటూ గదిలోనే కూర్చునేది. ఆర్విద్‌కి అందులో వింతేమీ కనపడలేదు. ఎవరి పిల్లకి వాళ్లింట్లో భోజనం సిద్ధమవుతూ ఉంటుంది, మనం పెట్టి చెడగొట్టకూడదన్నది అక్కడి మర్యాద. చిన్నప్పుడు తనూ స్నేహితుల గదుల్లో అలా కూర్చున్నవాడే. తలుపు మూసినా వాసన ఆగదన్న సంగతి ఆ మర్యాద కనిపెట్టినవాళ్లకి తట్టినట్టు లేదు.

నాలుగు చెంచాలకే లేచిపోతోందంటే పిల్లకి తన వంట నచ్చట్లేదని అతనికి దిగులు పట్టుకుంది. గున్వోర్‌ని పిలిచి రుచి చూపించాడు.

"బాగుంది. నా అంత కాదులే గానీ, బాగుంది."

"మరి అది తినదేం?"

"నన్నడుగుతావేం? దాన్నడుగు."

గురువారం వచ్చింది. గురువారమంటే ఊరంతా బఠానీ సూప్, ఆ తర్వాత తీపి అట్లు. తూవా ఎప్పట్లాగే నాలుగు చెంచాలు తిని గిన్నెతో లేచింది. క్రిస్మస్ దగ్గరపడుతోంది. ఈ పిల్ల వెళ్లిపోతే ఈ ఇంట్లో ఎవరికోసం వండాలి? తాడోపేడో తేల్చుకుందామని వెళ్లి గది తలుపు తీశాడు.

లిన్నెయా నేల మీద కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని అడుగు గీకుతోంది. తూవా మంచం మీద మోకాళ్లకి గడ్డం ఆనించి చూస్తోంది.

లిన్నెయా గబుక్కున లేచింది. మొహం కందిపోయింది. "సారీ ఆర్విద్. నేనే అడిగా. తూవాదేం తప్పు లేదు."

"మీ ఇంట్లో భోజనం..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

"అమ్మకి సాయంత్రం డ్యూటీ. తను వచ్చేసరికి నిద్రపోతా. కార్న్‌ఫ్లేక్స్ ఉంటాయిలే. అవీ బాగానే ఉంటాయి."

ఆర్విద్ కూతురి వైపు తిరిగాడు. "నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏం చేస్తావ్? ఇద్దరికే సరిపోతుందని రోజూ నువ్వే అంటావుగా. దానికి పెట్టి నువ్వు పస్తుంటావు," అంది తూవా. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ వంట బాలేకపోతే దానికెందుకు పెడతాను నాన్నా?"

అతనికి సిగ్గేసింది. తూకమూ పొదుపూ నేర్పాననుకున్నాడు. పిల్ల నేర్చుకున్నది ఆకలి దాచుకోవడం.

ఫోన్ తీసి లిన్నెయా తల్లికి చేశాడు. మీ అమ్మాయి ఇక్కడ భోంచేస్తే మీకేమన్నా అభ్యంతరమా అని అడిగాడు.

"ఏం వండారు?" అంది ఆమె.

"బఠానీ సూప్."

"సూప్‌లో ఆవపిండి ముద్ద ఎక్కువ వేసుకుంటుంది అది," అంది.

ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. స్నానాలగదిలోంచి స్టూల్ తెచ్చుకున్నాడు. తన గిన్నెలోదీ కుండలోకే వంపి, నీళ్లు పోసి, ఒక పొంగు రానిచ్చి, పిల్లలిద్దరికీ వడ్డించాడు. తూవా గిన్నె ఖాళీ చేసింది. అడుగు గీకింది. గిన్నె ముందుకి చాపింది.

"ఇంకొంచెం ఉందా నాన్నా?"

ఎన్నాళ్లుగానో ఆ మాట కోసమే కాచుకున్నాడు. కుండలోకి చూశాడు.

"లేదమ్మా," అన్నాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కూర్చోండి, అట్లు పోస్తా."

తూకం యంత్రాన్ని పక్కకి నెట్టి, పిండి సంచీలో చెయ్యి పెట్టాడు.