బాలకిషన్ అందాజ

నారాయణగూడలో పరదా బట్టలు అమ్మే బాలకిషన్ టేపు పట్టడు. కిటికీని ఒక్క చూపు చూసి గుడ్డ చింపేస్తాడు. అది సరిగ్గా సరిపోతుంది. అందుకే, పెరటి మీద రేకులు వేసి పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు రీడింగ్ రూమ్ పెడదామనుకున్నప్పుడు కూడా వరండాలో చాయ్ తాగుతూనే కంటి అంచనాతో కొలత తేల్చేశాడు.

"జర టేపు పెట్టి చూడుండ్రి," అంది భార్య నళిని.

"నేను పుట్టిన ఇల్లు గిది. నా అందాజ ఎప్పుడన్న తప్పిందా?"

నళిని పెరటి చెట్ల వైపు చూసింది. అశోక్‌నగర్‌లోని ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో, వెనక తలుపు తీస్తే ఎదురుగా గోడే. అది తన ఛాతీ మీదే ఆనుకున్నట్టుండేది. ఊపిరాడక, దాన్ని కనబడకుండా చేయాలని మొక్కలు పెట్టింది. వరండా పక్కన వెడల్పాటి ఆకుల అరటి. నడుమ, అందరూ వద్దన్న చోట, సీతాఫలం. కాలిబాట దాని చుట్టూ వంపు తిరిగి మాయమవుతుంది. చివర సన్నని ఆకుల ఉసిరి. దాని కొమ్మలు గోడ దాటి పక్కింటి వేపలో కలిసిపోయాయి. చివర కనబడకపోతే మనసు తనకు కావలసినంత దూరం అల్లుకుంటుందని, ఆ చెట్లు పెరుగుతుండగా ఆమెకు తెలిసొచ్చింది. రేకుల కోసం ఇప్పుడవి కొట్టేస్తే గోడ మళ్లీ వచ్చి మీద ఆనుతుంది.

మర్నాడు రేకులతో ట్రాలీ ఆటో వచ్చింది. రేకుల పని చేసే బుగ్గయ్య గొడ్డలి పట్టుకుని చెట్ల వెనక్కి వెళ్లాడు. వెళ్లినవాడు పకపకా నవ్వుతూ తిరిగొచ్చాడు.

"ఇంత పొడుగు రేకులేంది సేట్? పక్కింటోళ్లకు గూడ కప్పుతున్నవా?"

"మజాక్ చెయ్యకు."

"నువ్వే వచ్చి చూడు. సగం రేకు గోడ అవతలనే ఉంటది."

బాలకిషన్ విసురుగా చెట్లలోకి నడిచాడు. సీతాఫలం దాటాడో లేదో, ఉసిరి కొమ్మల్లోంచి చాచిన చెయ్యి గోడకు తగిలింది. అక్కడే నిలబడిపోయాడు.

"గిక్కడ్నే అయిపోయిందా?"

గబగబా వరండాలోకి వచ్చి వెనక్కి తిరిగి చూశాడు. గోడ సున్నం ఇంకా అరచేతికి అంటుకునే ఉంది. అయినా ఎదురుగా బాట వంపు తిరిగి, ఆకుల మసకలోకి, ఎక్కడికో పోతూనే ఉంది.

"నళినీ, గోడేది?"

"ఆడనే ఉంది," అంది నళిని. అంటూ ఆమె కూడా చూసింది. తన చేతులతో పెట్టిన చెట్లే. ప్రతి కొమ్మా ఎరుకే. అయినా గోడ ఎక్కడుందో ఆమెకూ కనబడలేదు.

"చెట్లు కొట్టాల్నా, రేకులు కొయ్యాల్నా?" బుగ్గయ్య అడిగాడు.

బాలకిషన్ చూపు తిప్పుకోలేదు.

"రేకులు వాపస్ తీస్కపో. నా అందాజ తప్పలే బుగ్గన్నా. జాగనే పెరిగింది."

చెప్పులు వరండాలోనే విడిచి, అడుగులో అడుగు వేసుకుంటూ మళ్లీ సీతాఫలం వంపు వైపు నడిచాడు.