ఆయన చెప్పిన వేసవి

ఆ నక్షత్రశాలకు వచ్చేవాళ్ళలో సగం మంది చుక్కలు చూడ్డానికి కాదు, మొగుడూ పెళ్ళాల తగువు వినడానికి వచ్చేవారు. నమ్మకపోతే మానేయండి, నిజం మాత్రం అదే.

దీపాలు ఆరగానే టేపులోంచి మగగొంతు మొదలయ్యేది. అబ్బ, ఏం గొంతది! చంద్రుడు లాగితే సముద్రం ఎలా పోటెత్తుతుందో, పొగలా కనిపించే పాలపుంతలో ఎన్నెన్ని సూర్యుళ్ళు ఉన్నాయో ఆ గొంతు చెబుతుంటే, ఏడ్చే చంటిపిల్లలు కూడా ఊరుకునేవారు. ఋతువుల దగ్గరికొచ్చేసరికి మాత్రం, "వేసవిలో సూర్యుడు మనకు దగ్గరగా వస్తాడు" అనేది. అంతే, ఆపరేటరు బల్ల ముందున్న చుక్కలమ్మ టక్కున మీట నొక్కి టేపు ఆపేసి మైకు అందుకునేది.

"మా ఆయన మాట నమ్మకండి! దగ్గరా లేదు, దూరమూ లేదు. భూమి ఓ పక్కకి ఒరిగి తిరుగుతుంది. మనవైపు సూర్యుడి మీదికి ఒరిగితే వేసవి, అవతలికి ఒరిగితే చలికాలం. ఆయనకి నాటకాలు తెలుసు గానీ నక్షత్రాలు తెలీవు!"

హాలంతా గొల్లుమనేది.

ఖగోళం చదువుకున్నది కాబట్టి ఊరు ఆమెకు పెట్టిన పేరు చుక్కలమ్మ. పాఠం రాసింది ఆమే. గొంతు బాగుంటుందని నాటకాల్లో వేషాలు కట్టే భర్త చేత చదివించింది. ఆ ఒక్క వాక్యం మాత్రం ఆయన సొంత కవిత్వం. "తప్పండీ, మళ్ళీ చదవండి" అంటే, "వినడానికి బాగుంది పంతులమ్మా, ఉండనీ" అన్నాడు మొండిఘటం. ఆమె మాత్రం తక్కువ తిన్నదా? అలాగే ఉంచి, ఆటకోసారి నలుగురిలో ఆయన పరువు తీసేది. ఆయన వీలున్నప్పుడల్లా వెనక వరసలో కూర్చుని, పరువు పోతుంటే మురిసిపోయేవాడు.

అలాంటి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదన్నారు డాక్టర్లు. అదే సమయానికి నక్షత్రశాలకు కొత్త యంత్రం వచ్చింది.

"ఇక మధ్యలో ఆపడాలు కుదరవు మేడం, మొత్తం దానంతటదే నడుస్తుంది" అన్నాడు మేనేజరు. "సార్ గొంతే ఉంచుదాం. కానీ తప్పు ఉండకూడదు కదా. ఆపరేషన్‌లోపు ఆ ఒక్క వాక్యం మార్పించండి. లేకపోతే మొత్తం వేరేవాళ్ళతో చదివించాల్సి వస్తుంది."

మనిషి గొంతు ఎలాగూ పోతోంది, టేపులో గొంతైనా దక్కాలని ఆమె ఆరాటం. మర్నాడే ఆయన్ని రికార్డింగు గదికి తీసుకెళ్ళింది. "ఇన్నాళ్ళకి నీ పంతం నెగ్గింది పంతులమ్మా" అని నవ్వుతూనే ఆయన మైకు ముందు కూర్చుని, "భూమి ఒరిగి ఉండడం వల్లే వేసవి వస్తుంది" అని చదివాడు.

రికార్డింగు చేసే అతను ఆ వాక్యాన్ని పాత మాటల మధ్య పెట్టి వినిపించాడు. పాత గొంతు గుడిగంటలా సాగుతూ సాగుతూ ఉండగా, మధ్యలో గచ్చు మీద బల్ల ఈడ్చినట్టు ఈ కొత్త గొంతు. రోజూ ఇంట్లో వింటున్న గొంతే, ఎప్పుడింతగా అరిగిపోయిందో ఆమెకే తెలియలేదు. ఆయన మళ్ళీ చదివాడు. ఇంకోసారి చదవబోయి దగ్గుతెర ముంచుకొచ్చి ఆగిపోయాడు.

"అతకదు బాబూ," అన్నాడు తేరుకుని. "ఆ వాక్యమే తీసెయ్."

తీసేశారు. మేనేజరూ సరేనన్నాడు. ఆ వారమే ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది.

కొత్త యంత్రంతో మొదటి ఆట. గొంతు ఋతువులను తడబాటు లేకుండా దాటేసింది. చుక్కలమ్మ చెయ్యి అలవాటుకొద్దీ మీట కోసం వెళ్ళింది. అక్కడ నున్నటి అద్దపు పలక ఉంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆట అయ్యాక ఓ ముసలావిడ గుమ్మం దగ్గర ఆగి, "ఏమ్మా, ఈసారి పోట్లాడుకోలేదేం? రాజీ పడ్డారా?" అంది.

"ఆఁ, పడ్డామండీ" అని నవ్వి, ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, చుక్కలమ్మ తలుపు వెనక నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి ఆయన మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. ఎలా జరిగిందని కనుబొమలు ఎగరేశాడు.

"బ్రహ్మాండంగా జరిగింది. ఒక్క తప్పూ లేదు" అంది ఆమె. చేతిలో సంచి పక్కన పడేసి ఎదురుగా కూర్చుంది. "ఏమండీ, వేసవిలో సూర్యుడు ఏం చేస్తాడో ఒక్కసారి చెప్పండి."

ఆయన వింతగా చూశాడు. తర్వాత స్టేజీ ఎక్కినట్టు నడుం నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, వాక్యమంతా పెదవులతో పలికాడు. ఊపిరి కోసం డాక్టర్లు మెడకు పెట్టిన రంధ్రం మీది పల్చటి గుడ్డ కదిలింది, అంతే. పలికి, తిట్టు కోసం కొంటెగా ఎదురుచూశాడు.

ఆమె తిట్టలేదు. "దగ్గరికే వస్తాడండీ" అంది ఏడుస్తూ. "మీరన్నట్టు దగ్గరికే వస్తాడు."

ఆయన మొహంలో నవ్వు చెరిగిపోయింది. కాదు, కాదు అన్నట్టు తల అడ్డంగా ఊపుతూ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.