మామగారు ఎక్కితే మూగబోయే రేడియో

రోడ్డు మీద మొరాయించిన బండ్లను గొలుసు వేసి లాక్కొచ్చే క్రేన్ బండి అది. దాన్ని నడిపేది అల్లుడు. ఎక్కడికి వెళ్లాలో రేడియోలో చెప్పేది అతని భార్య. ఎలా నడపాలో చెప్పేది మామగారు.

ఆఫీసంటే వాళ్లింటి ముందుగదే. కిటికీ పక్కన బల్ల, దాని మీద రేడియో సెట్టు, ఫోను, ఒక ఫ్లాస్కు. ఎవరి కారో గోతిలో దిగబడితే ఆ ఫోను మోగేది. ఆమె మైకు అందుకుని బండిలో ఉన్న భర్తకు చెప్పేది. ఆమె తండ్రి భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసి రిటైరై కూతురి దగ్గరే ఉంటున్నారు. ఆరడుగుల పైచిలుకు మనిషి. పొద్దున్నే చొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకుని, డ్యూటీకి వెళ్తున్నవాడిలా వచ్చి అల్లుడి పక్క సీట్లో కూర్చునేవారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన ఎక్కిన రోజున బండిలోని రేడియో మూగబోయేది. కూతురు చెప్పింది అటు చేరేది గానీ, ఇవతల ఆమెకు గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆయన ఎక్కని రోజున భర్త ఆవలించినా స్పష్టంగా వినిపించేది.

"ఏమండీ, నాన్న ఎక్కితేనే ఆ సెట్టు ఎందుకు చస్తోంది?" అని ఆమె నిలదీసింది.

"నన్నడిగితే నాకేం తెలుసు? దాన్నడుగు."

"దానికి మా నాన్నంటే పడదా, మీకు పడదా?"

అల్లుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, అది నమిలేదాకా జవాబు చెప్పే అవసరం లేకుండా చూసుకున్నాడు.

మామగారు బండిలో ఉన్న ఒకనాడు ఒక డాక్టరు కారు నడిరోడ్డులో ఆగిపోయింది. "వస్తున్నాం" అని అల్లుడు అన్న మాట ఆఫీసుకు చేరలేదు. ఆమె కంగారుపడి వేరే క్రేను వాళ్లను పంపింది. రెండు బండ్లూ ఒకేసారి చేరాయి. ఒకడు కారు ముందువైపు గొలుసు తగిలిస్తే ఇంకొకడు వెనకవైపు తగిలించాడు. మధ్యలో డాక్టరు కారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ముందు నన్ను దిగనివ్వండి, ఆ తర్వాత పంచుకోండి" అని మొత్తుకున్నాడు.

ఆ సాయంత్రమే రేడియో మెకానిక్కుకు కబురు వెళ్లింది. ఆమెను అందరూ మీటరక్క అంటారు. చేతిలో పని, నోట్లో మాట ఒకేసారి నడిచే మనిషి. వస్తూనే క్యాబిన్ మీదున్న యాంటెన్నాను రెండు వేళ్లతో ఊపి చూసి, "ఇదే దొంగ. మార్చేస్తే ఇంక నన్ను పిలిచే పనుండదు" అని ధీమాగా చెప్పి కొత్తది బిగించి వెళ్లింది. మర్నాడు మామగారు ఎక్కారు. రేడియో మూగబోయింది.

మీటరక్కకు అది పరువు సమస్య అయింది. ఈసారి తువ్వాలులో చుట్టిన మీటరు చంకన పెట్టుకుని వచ్చింది. బండి ఇంటి ముందే నిలిపి ఉంది. మామగారు ముందుగదిలో కూతురి పక్కన కూర్చుని పేపరు చూస్తున్నారు. అక్క డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, ఆ మీటరును సెట్టుకీ యాంటెన్నాకు వెళ్లే కేబులుకీ మధ్య తగిలించింది.

"ఇదిగో తమ్ముడూ, ఈ ముల్లు వెళ్లే పవరు చూపిస్తుంది. పక్కది తిరిగొచ్చే పవరు. సెట్టు పంపిందంతా యాంటెన్నా గుండా గాల్లోకి పోవాలి. దారిలో ఎక్కడైనా చిక్కు తగిలితే కొంత వెనక్కి తన్నుకొస్తుంది. మరీ ఎక్కువ వస్తే సెట్టు తనను తాను కాపాడుకోవాలని గొంతు తగ్గించేసుకుంటుంది."

"మా ఇంట్లో నేను చేసేదీ అదే అక్కా."

"సరేగానీ, ఆ మైకు బటను నొక్కు. నేను చాలనేదాకా వదలకు."

అల్లుడు నొక్కి పట్టుకున్నాడు. వెళ్లే పవరు ముల్లు హుషారుగా లేచి నలభై దగ్గర నిలబడింది. తిరిగొచ్చే ముల్లు కదల్లేదు. అక్క కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది, ఏదో మర తిప్పింది, ఇంకోసారి చూసింది. చేతిలో మైకు పెట్టుకుని ఊరికే కూర్చోలేక అల్లుడు మనసులోని భారం దించుకోవడం మొదలుపెట్టాడు.

"అసలు చిక్కంతా మా మామగారితోనే అక్కా. గేరు మారిస్తే ఎందుకు మార్చావంటారు. మార్చకపోతే ఇంకా మార్చలేదేం అంటారు. మలుపు ఇంకా కిలోమీటరు దూరంలో ఉండగానే మలుపు, మలుపు అని కేకలు. చెవిలో జోరీగను పెట్టుకుని నడుపుతున్నట్టుంటుంది. నిజం చెప్పనా? రేడియో మూగబోయినా నాకేం బాధ లేదు. ఆ మూగతనం ఏదో ఆయనకొస్తే చాలు."

"చాలు, వదిలెయ్" అంది అక్క.

అతను బటను వదిలేశాడు. మనసు తేలికపడటంతో గొంతు కూడా మెత్తబడింది. "అలాగని చెడ్డ మనిషి కాదక్కా. మొన్న వానలో నేను బురదలో పడుకుని గొలుసు తగిలిస్తుంటే, నా మీద గొడుగు పట్టి ఆయన తడిసి ముద్దయ్యారు. ఆయన రాని రోజు ఆ సీటు చూస్తే బోసిగా ఉంటుంది."

అప్పుడు సెట్టులోంచి భార్య గొంతు వచ్చింది. "ఏమండీ, అంతా వినిపించింది. జోరీగతో సహా. నాన్న నా పక్కనే ఉన్నారు."

అల్లుడు మైకును గబుక్కున దాని కొక్కేనికి తగిలించేశాడు. అక్క నాలుక కరుచుకుంది. "అయ్యో, ఆఫీసు సెట్టు కట్టేయమని చెప్పడం మర్చిపోయాను తమ్ముడూ." అయినా వృత్తి ధర్మం ఊరుకోనివ్వలేదు. మీటరు వైపు చూసి, "కానీ చూశావా, తిరిగొచ్చింది సున్నా. ఒక్క ముక్క పొల్లుపోకుండా చేరింది" అంది.

మామగారు బయటికి వచ్చారు. మెడ దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. అల్లుడి వైపు చూడలేదు. "నేనుండగా కొలవకుండా కొలత పూర్తవదు. దిగమ్మా" అని అక్కను దింపి, తాను ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నారు. అక్క కిటికీలోంచి మీటరు మీదికి వంగింది. అల్లుడు ఈసారి పెదవులు బిగించుకుని బటను నొక్కాడు.

తిరిగొచ్చే ముల్లు ఎగిరి కూర్చుంది. వెళ్లే పవరు ముల్లు బెదిరినట్టు కిందికి జారింది.

"అంటే నన్ను చూస్తే యంత్రం కూడా వెనక్కి తగ్గుతోందన్నమాట" అన్నారు మామగారు.

"అలా కాదు బాబాయిగారూ, బరువుకి కింద ఏదో నొక్కుకుంటోందేమో."

"అయితే నాకన్నా బరువైన మనిషిని కూర్చోబెట్టి చూడు. ఊహలతో కొలతలు కుదరవు."

పక్క కొట్లో టైలరు ఉన్నాడు. ఆ వీధిలో అతని కన్నా భారీ మనిషి లేడు. మెడలో టేపుతోనే వచ్చి, ఆపసోపాలు పడుతూ ఎక్కి, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు ఆనించుకుని కూర్చున్నాడు. బండి ఒక పక్కకు ఒరిగింది. ముల్లు మాత్రం ఒరగలేదు. అక్క కూర్చుంది. ఏమీ లేదు. మామగారు మళ్లీ కూర్చున్నారు. ముల్లు ఎగిరింది.

ఆయన ముఖం చిన్నబోయింది. దిగి, చేతి గడియారం తీసి టైలరుకిచ్చి ఎక్కారు. ముల్లు ఎగిరింది. దిగి, కళ్లజోడు, తాళాల గుత్తి, బెల్టు తీసి ఎక్కారు. ఎగిరింది. "నాకు ఒక పన్ను లోహంది ఉంది" అన్నారు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని. "అది తీయడం ఇక్కడ కుదరదు."

"దాని ప్రభావం ఉండదులెండి" అంది అక్క. ఈసారి ఆ గొంతులో ధీమా లేదు.

ఈ గొడవకు కూతురు కూడా గదిలోంచి వచ్చేసింది. రోజంతా గరగరల మధ్య మాటలు ఏరుకునే చెవులు ఆమెవి. కాసేపు చేతులు కట్టుకుని నిలబడింది. "నాన్నా, ఇంకొక్కసారి దిగి ఎక్కు" అంది. ఆయన దిగారు, ఎక్కారు.

"ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"నువ్వు కూర్చోగానే టక్కుమంది. టైలరు కూర్చుంటే రాలేదు. అక్క కూర్చున్నా రాలేదు."

"ఓ, అదా? సీటు వెనక్కి జరుపుకుంటాను. నా కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి మరి?"

"మరి దిగేటప్పుడు?"

"మళ్లీ ముందుకు తోసేస్తాను. వాడుకున్న వస్తువును ఉన్నది ఉన్నట్టు ఉంచొద్దూ? నా సర్వీసంతా అంతే."

అక్క ఒక్క ఉదుటున క్యాబిన్‌లోకి దూరి, సీటు కింద రబ్బరు పట్టా లేపింది. యాంటెన్నా కేబులు అక్కడి నుంచే పోతోంది. సీటు పూర్తిగా వెనక్కి జరిగినప్పుడు దాని ఇనప పట్టీ సరిగ్గా కేబులు మీదికొచ్చి నొక్కుతోంది. లోపలి తీగ, పైన అల్లిన తీగ ఒకదానికొకటి తగులుతున్నాయి. సీటు ముందుకు జరిగితే విడిపోతున్నాయి.

"ఈ కేబులు సీటు కింది నుంచి లాగిన మహానుభావుడెవరు?" అని అడిగింది అక్క.

అల్లుడు హఠాత్తుగా వెనక టైరులో గాలి సంగతి గుర్తొచ్చినట్టు అటు నడిచాడు. "ఇంత చిన్న పనికి మెకానిక్కు ఎందుకే, నేను వెయ్యలేనా" అని సెట్టు బిగించిన రోజున అతను అన్నాడని భార్య అందరికీ చెప్పింది. అతని గొంతును అనుకరిస్తూ మరీ చెప్పింది.

అక్క కొత్త కేబులును తలుపు అంచు వెంబడి పైకి తీసి, మామగారిని సీటు వెనక్కి జరుపుకుని కూర్చోమంది. తిరిగొచ్చే ముల్లు కదల్లేదు. ఆయన కావాలని ఇంకా వెనక్కి వాలారు. అయినా కదల్లేదు. టైలరు చప్పట్లు కొట్టి, గడియారం, కళ్లజోడు, తాళాలు, బెల్టు తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

మీటరును తువ్వాలులో చుడుతూ అక్క నెమ్మదిగా అంది: "బాబాయిగారూ, బటను వదిలాక కూడా మీ అల్లుడు కొన్ని మాటలన్నాడు. అవి మీదాకా రాలేదు. వానలో మీరు తడుస్తూ తనకు గొడుగు పట్టారని ఎంత మురిసిపోయాడో."

"వాడికి కాదమ్మా, గొలుసుకు పట్టాను" అన్నారు మామగారు. "తుప్పు పడుతుందని."

ఇంతలో ఫోను మోగింది. రొట్టెల వ్యాను ఒకటి కాలువ గట్టు దిగి కూరుకుపోయిందట. ఇద్దరూ బయల్దేరారు.

దారిలో మామగారు నోరు విప్పలేదు. అల్లుడు గేరు మార్చాడు. ఏమీ అనలేదు. మార్చాల్సిన చోట మార్చకుండా ఇంజను మూలిగేదాకా చూశాడు. అయినా అనలేదు. కోరుకున్న నిశ్శబ్దమే అయినా కూర్చున్న సీటు కింద ముల్లున్నట్టు అతనికి కుదురు లేదు.

"మామయ్యగారూ, మలుపండీ" అన్నాడు చివరికి.

"కనిపిస్తోంది."

మలుపు దాటాక ఆయనే అన్నారు: "ముందుగదిలో అమ్మాయి మైకు ముందు కూర్చుని నన్ను దగ్గనివ్వదు. 'నాన్నా, మైకులో పడుతుంది' అంటుంది. వెనకగదిలో కూర్చుంటే గోడలతో చెప్పుకోవాలి. నేను నోరు తెరవగలిగిన చోటు నీ బండి ఒక్కటే అల్లుడూ. అందుకని కొంచెం ఎక్కువే తెరుస్తానేమో."

అల్లుడు బండి వేగం తగ్గించాడు. "నేనలా అనకుండా ఉండాల్సింది మామయ్యగారూ" అన్నాడు.

"గేరు సంగతి నువ్వన్నది నిజమే. ఇకమీదట తగ్గిస్తాను. మలుపు సంగతి మాత్రం ఒప్పుకోను. ముందుగా చెప్పకపోతే చెప్పి ప్రయోజనమేముంది?"

కాలువ గట్టు చేరారు. వ్యాను ముక్కు బురదలో, తోక గాల్లో ఉంది. "చేరారా? ఎలా ఉంది అక్కడ?" అని సెట్టులో భార్య అడిగింది. అల్లుడు మైకు తీసి, ఒక్క క్షణం ఆగి, మామగారి చేతికిచ్చాడు. "మీరే చెప్పండి. నేను గొలుసు చూసుకుంటాను."

ఆయన గొంతు సవరించుకున్నారు. బటను గట్టిగా నొక్కి పట్టి, గట్టు వాలు ఎటుందో, బురద లోతెంతో, వ్యాను ముక్కు ఏ దిక్కుకు తిరిగుందో, ఏ చక్రం నేలను తాకుతోందో, అక్కడి నేల సహజంగా ఎటువంటిదో, పూర్వం ఇటువంటి నేలలో తాను సర్వే కొలత గొలుసు ఎలా లాగించేవారో వరసపెట్టి చెప్పసాగారు. ఆయన బటను వదిలితే తప్ప కూతురు మధ్యలో అడ్డుపడటానికి లేదు. అల్లుడు గొలుసు తగిలించి, వ్యానును మెల్లగా గట్టెక్కించేశాడు. వ్యాను డ్రైవరు దణ్ణం పెట్టి, రొట్టెల బుట్ట సర్దుకుని తన దారిన వెళ్లిపోయాడు.

మామగారు ఇంకా నేల సంగతిలోనే ఉన్నారు.