గోడవైపు తిప్పిన బోర్డు

ఆ బోర్డుల కొట్టులో మాటలక్కర్లేని పద్ధతి ఒకటుంది. మొహం ఇటు పెట్టి నిలబెట్టిన బోర్డు మీద పని ఇంకా ఉన్నట్టు. గోడవైపు తిప్పేస్తే దాని పని అయిపోయినట్టు. దాని మీద తెల్లరంగు పూసి ఇంకొకరి పేరుకు సిద్ధం చెయ్యాలి. పెళ్ళయిన కొత్తలో, బోర్డులు రాసే ఆయనే భార్యకు ఇది నేర్పాడు. "తిప్పి ఉందంటే ఇక నన్నడక్కు, పూసెయ్" అన్నాడు.

అప్పట్లో అక్షరాలు ఆయనవి, తెల్లపూత ఆమెది. ఒక చలికాలం ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మందులు వాడినా తగ్గలేదు. నిలువు గీత గీద్దామంటే మెలికలు తిరిగిపోయేది. చేసేదిలేక కుంచె ఆమె చేతికొచ్చింది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, "ఆ సున్నా పొట్ట తగ్గించవే, అజీర్తి చేసినట్టుంది" అని వెక్కిరిస్తూనే మొత్తం పని నేర్పేశాడు.

నేర్పడం కూడా అయిపోయాక ఆయనకు చెయ్యడానికేమీ మిగల్లేదు. డబ్బాల్లో అడుగంటిన రంగులు తీసుకుని, ఒక పాత చెక్క మీద ఏదో వెయ్యడం మొదలుపెట్టాడు. అందులో అక్షరం లేదు, మనిషి లేడు, చెట్టు లేదు. నడుమ పెద్ద నీలం ముద్ద, దాని అంచంతా వణుకే. పైన సన్నటి పసుపు చార. కింద మూలన చిన్న ఎర్రటి ముక్క. ఆ ముక్క మీద రోజూ రంగు వేస్తూనే ఉండేవాడు. అది ఉబ్బెత్తుగా లేచింది.

"ఏంటండీ ఇది? చెరువా, దుప్పటా?" అని అడిగిందామె.

"ఏదీ కాదే. చూస్తే నీకేమనిపిస్తోంది?"

"రంగు దండగనిపిస్తోంది."

ఆయన నవ్వాడు. "పొద్దున్నే లేవగానే ఈ చెయ్యి నా మాట వినదని గుర్తొస్తుంది చూడు, అప్పుడు లోపల ఇలా నీలంగా ఉంటుంది. చల్లగా, ఒడ్డు లేకుండా. నిద్రలో వణకదని నువ్వే చెప్పావుగా, ఆ కాసేపే ఈ పసుపు."

ఆమె చేతిలో పని ఆపి దగ్గరికొచ్చింది. నీలంలోకి చూస్తుంటే నిజంగానే ఒంట్లో ఏదో చల్లబడ్డట్టయింది.

"మరి ఈ ఎర్ర ముక్క?"

ఆయన చెప్పబోయేంతలో ఎదురు వరసలోని దర్జీ లోపలికొచ్చాడు. "నా బోర్డు ఎంతదాకా వచ్చింది వదినా?" అంటూనే చెక్క వైపు చూశాడు. "ఇదేంటన్నయ్యా, కుంచెలు తుడుచుకునే చెక్కా?"

ఆమె ఆయన్ని వెనకేసుకొచ్చి ఉండొచ్చు. కానీ ఎదురుగా ఉన్నది బేరం. "ఏం చెప్పమంటావు మరిదీ, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మీ అన్నయ్య చిన్నపిల్లాడయ్యారు" అంది. దర్జీ పగలబడి నవ్వాడు. ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి ఆ చెక్క గోడవైపు తిప్పి ఉంది. దర్జీ తొందరపెడుతున్నాడు, కొట్లో వేరే చెక్కలు లేవు. ఇటు తిప్పగానే నీలం కనబడింది. తెల్లరంగులో ముంచిన కుంచె ఒక్క క్షణం ఆగింది. ఆయనే తిప్పేశారుగా, ఆయనకే నచ్చి ఉండదులే అనుకుంది. పూసేసింది. నీలం, పసుపు తొందరగానే పోయాయి. ఎరుపే లొంగలేదు. రెండోసారి పూస్తేగానీ పోలేదు.

ఆయన వచ్చి, తెల్లగా మెరుస్తున్న చెక్క ముందు నిలబడ్డాడు.

"ఎండిందా?"

"ఎండిందండీ."

"అక్షరాలు కొంచెం పైకి పెట్టు" అని వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

దర్జీ బోర్డు తీసుకెళ్ళిన రోజు సాయంత్రం, అన్నం తింటూ ఆమే కదిలించింది. "తిప్పింది మీరేగా?"

"పనైపోయి తిప్పలేదే" అన్నాడాయన కంచంలోకి చూస్తూ. "నలుగురి కళ్ళూ పడకూడదని తిప్పాను."

ఆమె చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "ఇంకోటి వెయ్యండి. రంగులున్నాయిగా."

"రంగులకేం, ఉన్నాయి."

"ఆ ఎర్ర ముక్క ఏంటండీ?"

"గుర్తులేదే."

ఎప్పుడో పెళ్ళికి ముందు రాసిన బోర్డులో ఏ రంగులో ఏది కలిపాడో ఇప్పటికీ చెప్పే మనిషి ఆయన.

జాకెట్టు గుడ్డ ఒకటి సాకుగా పట్టుకుని ఆమె దర్జీ దగ్గరికెళ్ళింది. సాయంకాలపు ఎండ బోర్డు మీద ఏటవాలుగా పడుతోంది. తన అక్షరాల కింద, తెలుపు కింద, కుంచె చారలు లేచి కనబడ్డాయి. నీలం ఒడ్డు ఎక్కడెక్కడ వణికిందో అంతా తెలుస్తోంది, రంగు ఒక్కటే లేదు.

"ఈ బోర్డు ఇచ్చెయ్ మరిదీ, ఇంతకన్నా మంచిది రాసిస్తాను."

"దీనికేమైంది వదినా, నిక్షేపంలా ఉందిగా? చూసినవాళ్ళంతా ఎవరు రాశారని అడుగుతున్నారు."

ఆమె మూలన చెయ్యి పెట్టి చూసింది. ఆ ముక్క ఉబ్బెత్తుగా వేలికి తగిలింది. పైపూత గీకాలనిపించింది. కానీ ఆరీ ఆరని ఎరుపు మీద పూసింది తనే. తెలుపు ఊడిందంటే దానితోపాటు ఎరుపూ ఊడొస్తుంది. చెయ్యి తీసేసింది.

కొత్త చెక్క కొని, తెల్లగా పూసి, మొహం ఇటు పెట్టి ఆయన స్టూలు ఎదురుగా నిలబెట్టింది. రోజులు గడిచినా అది అలాగే ఉంది. చివరికి ఒక పొద్దున ఆయన అడిగాడు.

"ఎవరి బోర్డే ఇది?"

"మీదే."

"ఏం రాయాలి?"

"ఏం రాయొద్దండీ. అప్పుడు వేసినట్టు మీకు తోచింది వెయ్యండి. ఈసారి ఎవరొచ్చినా లోపలికి రానివ్వను."

ఆయన ఆ తెలుపు వైపు చూశాడు. ఎర్రరంగు డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. చెయ్యి డబ్బా దాటి వెళ్ళి, అక్షరాలకు గీతలు పడేసే దారాన్ని అందుకుంది. దానికి నిదానంగా సుద్ద పట్టించాడు.

"కూరగాయలాయన తన బోర్డు కోసం రేపొస్తానన్నాడుగా. ఆ కొస పట్టుకో."

"అది కాదండీ..."

"పట్టుకోవే."

ఆమె పట్టుకుంది. ఆయన చేతి వణుకు దారం వెంబడి వచ్చి ఆమె వేళ్ళకు తగిలింది. ఆయన ఎడంచేత్తో దారాన్ని లాగి వదిలాడు. చెక్క మీద గీత తిన్నగా పడింది.