అల్లుడి దానగుణం

కూతురి ఇంట్లో ఉంటున్న తండ్రి నోరు మూసుకుని ఉండాలి. నేనూ అలాగే ఉన్నాను. కానీ అల్లుడి గది దాటేటప్పుడు ముక్కు కూడా మూసుకునేవాణ్ణి. కిటికీ తీయడు. తాగేసిన కప్పుల అడుగున టీ ఎండి అట్ట కట్టి ఉంటుంది. కంప్యూటరు మీటల సందుల్లో వెంట్రుకలు, బిస్కెట్ పొడి. ఆ కంప్యూటరు రాత్రీ పగలూ రొద పెడుతూనే ఉంటుంది. దాని నిండా సినిమాలు. అతను చూడడు కూడా. నెట్‌లోంచి దించి పోగెయ్యడమే పని.

మా అమ్మాయి పక్కగదిలో కూర్చుని నెట్‌లోనే పిల్లలకు లెక్కలు చెబుతుంది. కొన్నాళ్ళుగా పాఠం మధ్యలో బొమ్మ బిగుసుకుపోతోంది, మాట తెగిపోతోంది. ఇక ఇలాగే జరిగితే వేరే టీచరును చూసుకుంటామని ఆ పాఠాల కంపెనీ మేడమ్ చెప్పేసింది. ఒకరోజు ఆవిడే స్వయంగా పాఠం వింటానంది. అందుకని ఆరోజు పొద్దున్నే అమ్మాయి నడుం బిగించింది.

"ఏవండీ, మళ్ళీ ఏమైనా దించుతున్నారా?"

"ఒట్టు. ఒక్కటి కూడా దించట్లేదు. ఆ నెట్ లైనే చెత్త లైను. వాళ్ళకి ఫోన్ చేసి చేసి నా నోరు పడిపోయింది."

ఫోన్లన్నీ చేసింది అమ్మాయి.

లైను మనిషి ముందురోజే వచ్చి వైరు మార్చి వెళ్ళాడు. అయినా అంతే. అమ్మాయి ఒక్కొక్కటే ఆపి చూసింది. టీవీ ఆపింది. "నాన్నా, కాసేపు ఓర్చుకో" అని నా ఫోనూ ఆపించింది. నెట్ పెట్టెను గోడ దగ్గర నుంచి జరిపింది. ప్రతిసారీ వేగం కొలిచింది. లోపలికి వచ్చేది బాగానే వస్తోంది, బయటికి పోయేదే కదలడం లేదట. ఆమె మాట, బొమ్మ పోవలసింది ఆ దారినే. చివరికి అల్లుడి కంప్యూటరుకున్న నెట్ వైరు ఊడదీసింది. దారి తెరుచుకుంది.

అతను పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఏయ్! ఏం చేశావ్?"

"ఒట్టేశారుగా?"

"దించట్లేదన్నాను. పంచుతున్నాను. అది వేరు, ఇది వేరు."

దించుకున్న సినిమాలను అడిగినవాళ్ళకి ఇక్కడినుంచి పంపాలట. ఎంత పంపితే ఆ సినిమాలు పంచుకునేవాళ్ళ గుంపులో అంత పేరట. ఊరూ పేరూ తెలియని వాళ్ళ కోసం పెళ్ళాం గొంతు గడప దాటకుండా చేశాడు. పైగా ఒట్టు. ఆ తెలివితేటలకు నాకు ఉమ్మేయాలనిపించింది.

"పాఠం అయ్యేదాకా ఆపండి. అంతకంటే ఏమీ అడగను."

"సరే తల్లీ, సరే! నేనేదో దొంగనైనట్టు!"

పాఠం మొదలైంది. నేను హాల్లో కూర్చున్నాను. అమ్మాయి భిన్నాలు చెబుతోంది. గొంతు హాయిగా సాగుతోంది. ఇంతలో "టీచర్, వినపడట్లేదు" అని ఒక పిల్ల అరవడం వినిపించింది. "టీచర్ ఫోటో అయిపోయింది!" అని ఇంకొకడు నవ్వాడు.

లేచి అల్లుడి గది తలుపు తోశాను. మళ్ళీ వైరు తగిలించుకుని కూర్చున్నాడు. తెర మీద వరసగా పైకి చూసే బాణాలు. బిస్కెట్ నములుతున్నాడు.

"కాసేపే మామయ్యా. నా పేరు కిందికి పోతోంది. అవతల ఎంతమంది ఎదురుచూస్తున్నారో మీకు తెలీదు."

వైరు చేతికి చుట్టుకుని లాగాను. అంతా జిడ్డు. ఊడి వచ్చింది.

"మామయ్యా! పెద్దవారని ఊరుకుంటున్నా!"

"ఊరుకోకు."

గోడ అవతల మేడమ్ గొంతు వినిపించింది. "మళ్ళీ లైనేనా టీచర్?"

ఇన్నాళ్ళూ అమ్మాయి అవునండీ లైనేనండీ అంటూ మొగుడి పరువు కాపాడుకొచ్చింది. ఈసారి ఆ మాట అనలేదు.

"లైను బాగానే ఉంది మేడమ్. పక్కగదిలో మా ఆయన సినిమాలు పంచుతున్నారు. ఇప్పుడే మా నాన్న వైరు పీకేశారు. ఇక తెగదు."

పిల్లలు గొల్లున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "ఈ నెలాఖరు దాకా చూస్తాను. పాఠం కానివ్వండి" అంది.

అల్లుడి మొహం మాడిపోయింది. "చూశారా, నలుగురిలో నా పరువు తీసింది!" అన్నాడు, నేను తీర్పు చెప్పాలన్నట్టు. ఆమె ఉద్యోగం ఉందా ఊడిందా అని మాత్రం అడగలేదు.

వైరుతో సహా బయటికి వచ్చేశాను. కుళాయి తిప్పి చేతులు సబ్బుతో రుద్దుకున్నాను. వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"మామయ్యా, ఆ వైరు..."

నేను మళ్ళీ సబ్బు అందుకున్నాను.