చెవి దగ్గర కొబ్బరికాయ

నేను ఒక చెక్‌పోస్టు గేటుని. గేటంటే రెక్కలూ గొళ్లాలూ ఉంటాయనుకునేరు, అవేం లేవు. పొడవాటి ఇనుప గొట్టాన్ని. ఒంటినిండా ఎరుపూ తెలుపూ పట్టీలు. తాడు లాగి కడితే దిగుతాను, విప్పితే లేస్తాను. నిజానికి నేను బోరుబావిలోకి దిగాల్సినదాన్ని. సోంపేటలో ఒక వెల్డింగు షాపాయన సిమెంటు నింపిన నూనెడబ్బా ఒకటి బరువుకోసం నా ఒక కొసకు అతికించి, సర్కారు ఉద్యోగంలో పెట్టేశాడు.

ఒడిశా సరిహద్దు దగ్గర లారీలను ఆపడం నా పని. ఎందుకు ఆపాలో నాకెవరూ చెప్పలేదు. "పన్ను" అనే మాట మాత్రం వినపడేది. అదెలా ఉంటుందో చూద్దామని ప్రతి లారీలోకీ తొంగిచూసేదాన్ని. ఉల్లిపాయలు కనిపించాయి, మంచాలు కనిపించాయి, ఒకసారి సర్కసు ఏనుగు కూడా కనిపించింది. పన్ను ఎక్కడా కనిపించలేదు.

నా సందేహం కొంత తీర్చినవారు ఇన్‌స్పెక్టరు కృపానందం గారు. నా పక్కనే కుర్చీ వేసుకుని, దేశదేశాల పన్నుల సంగతులు గుమాస్తాకు చదివి వినిపించేవారు. పెద్ద గొంతు. ఇంగ్లండులో ఒకప్పుడు కిటికీల మీద పన్ను వేస్తే జనం కిటికీలకు ఇటుకలు పేర్చేసుకున్నారట. ఇప్పుడు అక్కడే వేడిగా కట్టించుకున్న తిండికి పన్నుందట, చల్లటివాటిలో చాలావాటికి లేదట. మరి వేడో కాదో ఎవరు ముట్టుకుని చూస్తారు? నాకు ఒకటే ఆరాటం. ఫ్రాన్సులో మొదలైన పన్ను పద్ధతి ఒకటి ఊళ్లు తిరిగి తిరిగి మన దాకా వచ్చిందనీ, త్వరలో దేశమంతా ఒకే పన్ను అవుతుందనీ, ఇక చెక్‌పోస్టులే ఉండవనీ కూడా ఒకరోజు చదివారు. ఆ రోజు నాకు గుండె ఝల్లుమంది. ఇనుముకు గుండె ఎక్కడిదని అడక్కండి.

కిటికీల సంగతి విని పడీపడీ నవ్విన గుమాస్తా, మన కొబ్బరికాయ సంగతికి మాత్రం ఎన్నడూ నవ్వలేదు. మా దగ్గర నీళ్లున్న కాయకు ఒక పన్ను, నీళ్లు ఇంకిపోయిన కురిడీకి వేరే పన్ను. ఏది ఏదో తేల్చాలంటే ఇన్‌స్పెక్టరు గారు కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. గలగలమంటే ఒక లెక్క, అనకపోతే ఇంకో లెక్క.

అదే ఏడాది జూన్‌లో దండాసి అనే డ్రైవరు కొబ్బరికాయల లారీతో వచ్చాడు. కృపానందం గారు ఒక కాయ ఊపారు. ఇంకోటి ఊపారు. పది ఊపారు.

"ఇవన్నీ కురిడీలు. కాగితంలో నీళ్లకాయలని రాశావు. బండి పక్కన పెట్టు," అన్నారు.

"ఇదేటి సార్! గలగలమంతంటే నీల్లు లేవంతారేటి? ఎల్లుండి రథయాత్ర. ఈలోగా సరుకు సేరకపోతే మా కవిటి రైతులు పదిమందీ ఏటైపోతారు?"

గలగల నాక్కూడా వినపడింది. గుమాస్తాకూ వినపడింది, కానీ తల దించుకున్నాడు. దండాసి ఒక కాయ తీసి నా నడుం మీద కొట్టాడు. నీళ్లు కారి ఇన్‌స్పెక్టరు గారి చెప్పులు తడిశాయి. రెండోది కొట్టాడు. మూడోదీ అంతే.

అప్పుడు అతను దగ్గరికొచ్చి, "సార్, మీకు ఇనపడ్నేదా?" అని మెల్లగా అడిగాడు. ఆ మాట కూడా ఆయనకు పెదాల కదలిక చూస్తేగానీ అర్థం కాలేదు.

కృపానందం గారి ముఖం పాలిపోయింది. రిటైరు కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. చెవి పోయిందని తెలిస్తే ఏ మూలనో కూర్చోబెట్టేస్తారని ఆయన భయం. ఆ మూడూ తప్ప మిగతావన్నీ కురిడీలే అని బుకాయించవచ్చు, కాదనేవాడెవడు? ఆయన కుర్చీలో కూర్చుని, రిజిస్టరు తెరిచి, రాస్తున్నది పైకి చదివారు. "కాయల్లో నీళ్లున్నాయి. చప్పుడు నాకు వినబడలేదు. పొరపాటు నాది."

గుమాస్తా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సార్, అది రాయకండి."

"అందరినీ నిజం రాయమని అడిగే కుర్చీ ఇది," అని సంతకం పెట్టి, నా తాడు ఆయనే విప్పారు. అంత సంతోషంగా నేనెప్పుడూ లేవలేదు.

ఆయన భయపడినట్టే వారం తిరక్కుండా ఆయన్ని పాత ఫైళ్ల గదిలో వేశారు. జూలైలో కొత్త పన్ను వచ్చింది. నన్ను పీకేసి ఆఫీసు పెరట్లో, విరిగిన కుర్చీల పక్కన పడేశారు. వేలం వేస్తారట, ఎప్పుడో తెలీదు. పక్కనే ఉన్న అదే రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతుంటాయి. వాటిలో ఏముందో ఇప్పుడు వ్యాపారులే ఎవరి ఆఫీసులో వాళ్లు కూర్చుని రాసి చెబుతారట. నిజమే చెబుతారా? తెలుసుకోవాలని నాకింకా ఉంది.

మొన్న కృపానందం గారు పెన్షన్ కాగితాల కోసం వచ్చారు. చెవిలో చిన్న మిషను. బస్సుకు టైముందని నామీదే కూర్చున్నారు. ఇంతలో ఒక లారీ హారన్ కొట్టింది. ఆయన ఉలిక్కిపడి మిషను తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. వెనకాలే ఇంకో లారీ, ఎవడో ఎవడినో తిట్టడం, బ్రేకుల కీచుమనడం.

"ఇంత గోలలోనా నేను పనిచేసింది! ఎంత ప్రశాంతమైన ఉద్యోగం అనుకున్నానో," అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చున్నారు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఆయన లేవలేదు, ఇంకా వింటూనే ఉన్నారు.